ఎక్స్‌ట్రీమ్ హారర్ తీసేవాళ్లకు బహిరంగ లేఖ: ఆ నలభై నిమిషాలు తీసేయండి

తక్కువ బడ్జెట్‌లో ఎక్స్‌ట్రీమ్ హారర్ తీస్తున్న దర్శకులకు, నిర్మాతలకు, ఎడిటర్లకు

నమస్కారం.

మీ సినిమాల్లో రక్తం ఎంత పారినా మాకు అభ్యంతరం లేదు. ఈ తరహా సినిమా మాకు ఇష్టం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం. మా బాధంతా నిడివి గురించి. ఎనభై అయిదు నిమిషాల్లో ప్రేక్షకుడి ఊపిరి బిగపట్టించగల సినిమాను రెండు గంటల పది నిమిషాలకు సాగదీస్తున్నారు. మొదటి హత్యకు చేత్తో కళ్లు మూసుకున్న మనిషి ఆరో హత్య దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చూసుకుంటున్నాడు. అతను మొండివాడై కాదు, అతని శరీరం అలవాటు పడిపోయింది.

ఇది అభిరుచికి సంబంధించిన విషయం కూడా కాదు. హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తే కనురెప్ప కొట్టుకుంటుంది, భుజాలు ముడుచుకుంటాయి, గుండె ఒక్కసారి దడదడలాడుతుంది. అదే శబ్దం కాసేపట్లో మళ్లీ వస్తే ఆ ఉలికిపాటు తగ్గుతుంది, మూడోసారి ఇంకా తగ్గుతుంది. మధ్యలో చాలినంత నిశ్శబ్దం దొరికితేనే కొంత తిరిగి వస్తుంది. హింసకు కూడా ఇదే లెక్క. అరుపు మీద అరుపు, గాయం మీద గాయం పేర్చుకుంటూ పోతే ప్రతి కొత్తదీ పాతదాని కంటే బలహీనంగానే తగులుతుంది. అప్పుడు మీరు మోతాదు పెంచుతారు, మోతాదు పెంచినకొద్దీ నిడివి పెరుగుతుంది, నిడివి పెరిగినకొద్దీ మోతాదు చాలదు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్ల లెక్కలు ఒకసారి చూడండి. 1974లో 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీసిన ‘ది టెక్సస్ చైన్ సా మసాకర్’ 83 నిమిషాలు. అందులో కొక్కేనికి మనిషిని వేలాడదీసే సన్నివేశంలో కొక్కెం ఒంట్లో దిగడం ఎక్కడా కనబడదు. చూసినవాళ్లలో చాలామంది మాత్రం దాన్ని కళ్లారా చూశామనే అనుకుంటారు. 1981 నాటి ‘ది ఈవిల్ డెడ్’ 85 నిమిషాలు. 1989లో వచ్చిన జపాన్ సినిమా ‘టెట్సువో’ 67 నిమిషాలు. 1999 నాటి ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ 81. ఇవన్నీ చేతిలో డబ్బు లేనివాళ్లు తీసినవే. నిడివి ఎక్కువున్నది అసలు పనిచేయదని మేం అనడం లేదు. అదే 1999లో వచ్చిన ‘ఆడిషన్’ రెండు గంటలకు దగ్గరగా ఉంటుంది. కానీ అది అసలు హింసను చివరిదాకా దాచిపెట్టి, అంతవరకూ మనుషుల మీద కాలం ఖర్చుపెట్టింది. మీ సినిమాల్లో సాగుతున్నది ఆ భాగం కాదు. హింసే సాగుతోంది.

ఎందుకు సాగుతోందో కూడా తెలుసు. గొంతు తెగే ఒక్క షాట్ కోసం నటుడి మెడకు అచ్చు తీయాలి, మట్టితో గాయం చెక్కాలి, మూస పోయాలి, సిలికాన్ నింపాలి, రంగు వేయాలి. తక్కువలో తక్కువ వారం పది రోజుల పని. సెట్లో అతికించడానికి రెండు మూడు గంటలు. ఒక టేక్ అవగానే ఒళ్లు కడగాలి, దుస్తులు మార్చాలి, నేల తుడవాలి, గొట్టాలు మళ్లీ నింపాలి. ఇంకో టేక్‌కు గంటకు పైనే. రోజంతా కష్టపడితే రెండు టేకులు వస్తాయి. అంత కష్టం పడిన షాట్‌ను ఎడిటింగ్ టేబుల్ మీద ఒక సెకనుకు కోయాలంటే చెయ్యి రాదు. “ఇంకో పది సెకన్లు ఉండనివ్వండి, బాగా వచ్చింది కదా” అంటారు. నలభై చోట్ల ఆ పది సెకన్లు ఉండనిస్తే సినిమా దాదాపు ఏడు నిమిషాలు పెరిగిపోతుంది.

పైగా ఆ పది సెకన్లే ఎఫెక్ట్‌ను చంపుతాయి. మొదటి సెకనులో కన్ను గాయాన్ని నమ్ముతుంది. రెండో సెకనులో ఒళ్లు జలదరిస్తుంది. మూడో సెకను దాటాక కన్ను వెతకడం మొదలుపెడుతుంది. సిలికాన్ అంచు ఎక్కడ మొదలైంది, ఊపిరికి తగ్గట్టు ఆ చర్మం ఎందుకు కదలడం లేదు, మెడ నరం ఎందుకు కొట్టుకోవడం లేదు అని చూస్తుంది. ఎంత గొప్ప మేకప్ కళాకారులు చేసినా చవక కెమెరా ముందు, ఒకే కోణంలో పదకొండు సెకన్లు నిలబడే కృత్రిమ గాయం చాలా అరుదు.

ఒక సన్నివేశాన్ని విప్పి చూపిస్తాం. ఇది ఏ ఒక్క సినిమాలోదీ కాదు, ఈ తరహా సినిమాల్లో పదే పదే కనబడే అచ్చు. కుర్చీకి కట్టేసిన మనిషి గోరు పీకడం, నిడివి నాలుగు నిమిషాల పది సెకన్లు. మొదటి యాభై సెకన్లు బల్ల మీద పనిముట్లు ఒక్కొక్కటీ పేర్చడం. తర్వాత నలభై సెకన్లు హంతకుడి ప్రసంగం. ఇంకో యాభై సెకన్లు బతిమాలడం. ఆ తర్వాత ముప్పై సెకన్లలో గోరు ఊడుతుంది, అందులో పదకొండు సెకన్లు కదలని క్లోజప్. నలభై సెకన్ల అరుపు. చివరి నలభై సెకన్లు రెండో గోరు, అదే లెన్స్, అదే కోణం, అదే అరుపు.

ఇదే ఫుటేజ్‌తో యాభై అయిదు సెకన్ల సన్నివేశం కట్టొచ్చు. చెయ్యి అప్పటికే కట్టేసి ఉండగా మొదలుపెట్టండి. పటకారు మొన గోరు అంచుకు ఆనుతుంది, రెండు సెకన్లు. అక్కడి నుంచి ముఖానికి వెళ్లండి. గోరు కదిలే శబ్దం ముఖం మీదే వినిపించండి. వేలి మీదికి ఒక్క ఇరవై ఫ్రేములు, అంటే సెకను కంటే తక్కువ, వెళ్లి వెంటనే ముఖానికి తిరిగి రండి. ఇక్కడ వెంటనే అరిపించొద్దు. భరించలేని నొప్పి తగిలినప్పుడు మనిషికి ముందు ఊపిరి లోపలే ఆగిపోతుంది, నోరు తెరుచుకున్నా గొంతు రాదు. ఆ సెకనున్నర మౌనం ఉండనివ్వండి. తర్వాత అరుపు, అదీ కట్‌తో మధ్యలోనే తెగిపోవాలి. చివరి షాట్: పటకారు పక్క వేలికి ఆనుతుంది. అక్కడ ఆపేయండి. రెండో గోరును ప్రేక్షకుడు తనే ఊహించుకుంటాడు, మీ సిలికాన్ కంటే ఘోరంగా ఊహించుకుంటాడు. మీకు ఒక కృత్రిమ వేలు, ఒక రీసెట్, మూడుంపావు నిమిషాలు మిగులుతాయి.

రక్తం సంగతికి వద్దాం. పెద్ద మనిషి ఒంట్లో ఉండేది సుమారు అయిదు లీటర్లు. ఒక్క మెడ నుంచి ఇరవై లీటర్లు చిమ్మితే అది గాయంలా ఉండదు, పగిలిన నీళ్ల పైపులా ఉంటుంది. ధమని తెగితే రక్తం గుండె కొట్టుకున్నట్టు విడతలు విడతలుగా వస్తుంది, ఒక్కో విడతకు జోరు తగ్గుతుంది. పంపును ఒకే ఒత్తిడితో వదిలేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అరవై మిల్లీలీటర్ల సిరంజి, సన్నటి గొట్టంతో చేత్తో నొక్కితేనే ఈ లయ బాగా కుదురుతుంది. గొట్టంలో గాలి బుడగ లేకుండా ముందే ఒకసారి నింపి వదలండి. లేకపోతే మొదట తుస్సుమనే శబ్దం, నురగ వస్తాయి, టేక్ పోతుంది. గొట్టం కెమెరాకు అవతలి పక్క నుంచి రావాలి, మూతి గాయం అంచు కింద దాక్కోవాలి.

కృత్రిమ రక్తం కలపడానికి: లీటరు గ్లూకోజ్ సిరప్‌కు నూటయాభై నుంచి రెండువందల మిల్లీలీటర్ల నీళ్లు, రెండు మూడు పెద్ద చెంచాల ఎరుపు ఫుడ్ కలర్, కొన్ని చుక్కల నీలం, ఒక చెంచా కోకో పొడి. ఈ కొలతతో మొదలుపెట్టి కెమెరాలో చూసుకుంటూ సర్దుకోండి. కోకోను ముందు కొంచెం గోరువెచ్చటి నీళ్లలో కలపాలి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. బట్టలకు ఇంకాలంటే గిన్నెలు తోమే సబ్బు ద్రవం నాలుగు చుక్కలు వేయండి. ఆ సీసా మీద పెద్ద అక్షరాలతో ‘నోట్లోకి వద్దు’ అని రాసి వేరుగా పెట్టండి. మేకప్ దిగ్గజం డిక్ స్మిత్ పేరుతో చలామణీలో ఉన్న ప్రసిద్ధ ఫార్ములాలో ఫిల్మ్ కడిగేటప్పుడు వాడే ఒక రసాయనం ఉంటుంది. అది విషం. ఆ ఫార్ములాను అలాగే దించుకుని నటుల నోట్లో పోయకండి.

అన్నిటికంటే ఎక్కువగా పట్టుబడేది రక్తం వయసు. తాజా రక్తం ఎర్రగా మెరుస్తుంది. కొన్ని నిమిషాల్లో గడ్డకడుతుంది, అంచుల దగ్గర ముదురుతుంది, ఎండితే గోధుమరంగుకు దిగి మెరుపు పోతుంది. సిరప్ మాత్రం గంట తర్వాత కూడా అలాగే తళతళలాడుతుంది. మీ కథలో ఒక రాత్రి గడిచిపోయింది, కథానాయిక చొక్కా మీద మరక మాత్రం ఇప్పుడే పడినట్టుంది. నిడివి పెరిగినకొద్దీ ఈ తప్పు ఎక్కువసార్లు కనబడుతుంది. కనీసం మూడు సీసాలు పెట్టుకోండి: తాజాది, కోకో పెంచి చిక్కబరిచింది, ఎండిన మరక కోసం మెరుపులేని గోధుమ రంగు.

కెమెరా వైపు కూడా ఒక మాట. చవక కెమెరాలు ఎక్కువగా 8 బిట్, 4:2:0లో రికార్డు చేస్తాయి. అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కచోటే రంగు సమాచారం నమోదు చేస్తాయి. దాని దెబ్బ అన్ని రంగులకంటే ముందు ఎరుపుకే తగులుతుంది. చీకట్లో తడిసిన ఎర్రటి అంచులు గళ్లు గళ్లుగా కనబడేది అందుకే. రంగు సమాచారం ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 ఉంటే అది వాడండి. లేకపోతే 4కేలో తీసి 1080కి దించండి, ఆ లోపం చాలావరకు కప్పుకుపోతుంది. ఎక్స్‌పోజర్ చూసేటప్పుడు వెలుగు ఎంత పడిందో చూపే మామూలు గ్రాఫ్‌తో (హిస్టోగ్రామ్) సరిపెట్టుకోకుండా ఎరుపు చానల్‌ను విడిగా చూడండి. అది పైకి తగిలి ఆగిపోతే రక్తంలో తడి, మడతలు అన్నీ పోయి ఎర్ర మైనం పూసినట్టు వస్తుంది. చీకటి సన్నివేశమని లైట్లు తీసేసి ఐ.ఎస్.ఓ. (వెలుగును పట్టే కెమెరా సున్నితత్వం) పెంచడం ఇంకో పొరపాటు. నీడల్లో చుక్కలు నిండుతాయి, స్ట్రీమింగ్‌కు కుదించేసరికి గోడలన్నీ చారలు కడతాయి. వెనక నుంచి ఒక గట్టి లైటు పెట్టండి. తడి మెరుస్తుంది, ఆకారం తెలుస్తుంది, మిగతాది నల్లగా ఉండిపోతుంది. అతుకులు కూడా ఆ నలుపులోనే దాక్కుంటాయి.

సిలికాన్ గురించి ఎక్కువ చెప్పం, ఈ పని చేసేవాళ్లకు తెలిసిందే. ప్లాటినమ్ రకానికి గంధకం పడదు. గంధకం కలిసిన మట్టి తగిలినా, లేటెక్స్ గ్లవ్స్ తొడుక్కుని కలిపినా పైపొర గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. నైట్రైల్ గ్లవ్స్ వాడండి, గంధకం లేని మట్టితో చెక్కండి. షూటింగ్ ముందురోజు రాత్రి మూస తెరిచి జిగట చూసి కంగారుపడి, దాన్నే రక్తంతో కప్పేసి అతికించడం వల్లే సగం క్లోజప్‌లు చెడిపోతున్నాయి.

ధ్వని గురించి మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ భయం పుట్టేది అక్కడే. ఒక ఎముక విరగడానికి మూడు పొరలు పేర్చండి: తగిలిన దెబ్బ, విరుపు, తడి. విరుపుకు సెలరీ కాడల కట్ట మెలితిప్పితే చాలు. తడికి నానబెట్టిన షామీ తోలు (తుడవడానికి వాడే మెత్తటి తోలు) పిండండి. 1960 నాటి ‘సైకో’ స్నానాల గది సన్నివేశంలో కత్తిపోట్ల శబ్దం కోసం ఖర్బూజా పండును పొడిచారు. తెర మీద కత్తి లోతుగా దిగడం చూపకుండానే ఆ సన్నివేశం అంతమందిని వణికించింది. విరుపు శబ్దాన్ని దృశ్యం కంటే రెండు మూడు ఫ్రేములు ముందు పెట్టి చూడండి. చెవి ముందే బెదిరితే కన్ను దేన్నైనా నమ్ముతుంది.

అరుపులు రికార్డు చేసేటప్పుడు అదే శబ్దాన్ని రెండో చానల్‌లో పన్నెండు డెసిబెళ్లు తగ్గించి పెట్టుకోండి. లేకపోతే అసలైన అరుపు చిట్లిపోయి, తర్వాత డబ్బింగ్‌లో అరిపించిన అరుపు వాడాల్సి వస్తుంది. మిక్సింగ్‌లో అన్నీ ఒకే గట్టిదనానికి లాగేయకండి. సినిమా మొత్తం గోల అయితే గోలకు విలువ ఉండదు. పెద్ద దెబ్బకు ముందు ఇరవై సెకన్లు వాల్యూమ్ దించండి, సంగీతం పూర్తిగా తీసేయండి.

ఇక కథ. తప్పించుకోవడం, దొరకడం, హింస, మళ్లీ తప్పించుకోవడం, మళ్లీ దొరకడం. మధ్య గంట అంతా ఈ చక్రమే తిరుగుతోంది. చక్రం తిరగడం తప్పు కాదు. ప్రతి చుట్టుకూ ఒకటి మారాలి. ఆ ఇంటి గురించి కథానాయికకు కొత్తగా ఒకటి తెలియాలి, లేదా ఆమె శరీరం ఒక పనికి పనికిరాకుండా పోవాలి, లేదా ఆమెకూ హంతకుడికీ మధ్య సంబంధం మారాలి. కాలు విరిగింది అంటే ఇక మెట్లు లేవు, తలుపు తెరిచే ఉన్నా దూరమే. ఈ మూడింటిలో ఏదీ మారని చుట్టును మొత్తంగా తీసేయండి. ముందు వెనకలు అతికించి చూస్తే ఎవరికీ లోటు తెలియదు. హంతకుడి చిన్ననాటి కథ చెప్పే పన్నెండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ సంగతి కూడా అంతే. కారణం తెలిసిన కొద్దీ అతను చిన్నవాడవుతాడు.

కోత ఎలా వేయాలో కూడా చెబుతాం. ముందు సినిమా మొత్తం శబ్దం లేకుండా ఒకసారి చూడండి. సంగీతం మోస్తున్న ల్యాగ్ అంతా బయటపడుతుంది. ఒక్కో హింసా సన్నివేశానికి ఒక్కో కార్డు రాసి, దాని తర్వాత ఏం మారిందో ఒకే వాక్యంలో రాయండి. వాక్యం రాని కార్డులు పక్కన పెట్టండి. మామూలుగా ఇక్కడే పాతిక నిమిషాలు పోతాయి. ఆ తర్వాత సన్నివేశాల తలలు, తోకలు: తలుపు తీసుకుని రావడాలు, కారు ఆపడాలు, మాట అయిపోయాక చూపులు. చివరికి ఫ్రేముల లెక్క. పన్నెండు వందల కట్‌లున్న సినిమాలో ఒక్కో కట్ దగ్గర పన్నెండు ఫ్రేములు తగ్గిస్తే 14,400 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున అది సరిగ్గా పది నిమిషాలు. ఒక్క సన్నివేశం కూడా పోలేదు, ఒక్క మాటా పోలేదు. ఈ పని దర్శకుడు, మేకప్ కళాకారులు పక్కన లేనప్పుడు ఎడిటర్ ఒక్కరే మొదటిసారి చేయాలి. ఏ షాట్ ఎంత కష్టపడి తీశారో తెలియని మనిషి చూస్తే ఇంకా మంచిది.

ఇంకా స్క్రిప్టు దశలో ఉన్నవాళ్లకైతే ఈ లెక్క డబ్బు లెక్క కూడా. పేజీకి సుమారు నిమిషం అనుకుందాం. మీ చేతిలో పదిహేను రోజుల షూటింగ్ ఉంది. 130 పేజీలైతే రోజుకు దాదాపు తొమ్మిది పేజీలు తీయాలి. 85 పేజీలైతే ఆరు కూడా అక్కర్లేదు. రోజుకు మూడు పేజీలు మిగిలితే రెండు మూడు గంటలు చేతికొస్తాయి. ఆ గంటల్లో లైటింగ్ సరిచేసుకోవచ్చు, ఎఫెక్ట్ ఇంకోసారి తీసుకోవచ్చు. మనుషులకూ విశ్రాంతి దొరుకుతుంది. సిరప్, సబ్బు నీళ్లు పారిన నేల మీద పద్నాలుగో గంటలో చెప్పులు లేకుండా పరిగెత్తమంటే నటి జారిపడుతుంది. గంటలకొద్దీ కట్టేసి ఉంచిన మణికట్టు తిమ్మిరెక్కుతుంది. ఏడుపు సన్నివేశం పదకొండోసారి చేయించాక ఆమె ముఖంలో మీకు కావలసినదేదీ మిగలదు. కెమెరా ముందు నొప్పి నటించేవాళ్లకు కెమెరా ఆగాక నొప్పి ఉండకూడదు. దీని మీద మేం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

సినిమా ఇప్పటికే పూర్తి చేసేసినవాళ్లు కూడా నిరాశ పడక్కర్లేదు. పొట్టి వెర్షన్ ఇప్పటికీ తీసుకురావచ్చు. కలర్ మళ్లీ చేయనక్కర్లేదు, రంగులు సరిచేసిన (గ్రేడ్ చేసిన) ఫైలు మీదే కోత వేయొచ్చు. డిజాల్వ్‌లు (ఒక షాట్ మెల్లగా ఇంకోదానిలోకి కరిగిపోవడం) ఉన్నచోట మాత్రం అసలు షాట్లకు వెనక్కి వెళ్లాలి. ధ్వనికి పూర్తి మిక్స్ మీద కోయకండి, సంగీతం తెగినట్టు తెలిసిపోతుంది. మాటలు, ఎఫెక్ట్స్, సంగీతం వేరువేరుగా ఉన్న స్టెమ్స్ తీయించండి. మాటలు, ఎఫెక్ట్స్ బొమ్మతో పాటు కోయండి, సంగీతాన్ని మాత్రం తాళం పడే చోటు చూసుకుని విడిగా కలపండి. రెండు ముక్కల వెనక గది మోత వేరుగా వినబడితే, షూటింగ్ రోజు ఆ గదిలో రికార్డు చేసిన ముప్పై సెకన్ల నిశ్శబ్దాన్ని కింద పరిచి రెండు వైపులా పన్నెండు ఫ్రేముల ఫేడ్ ఇవ్వండి. అతుకు వినబడదు. ఆ నిశ్శబ్దం రికార్డు చేయకపోతే అదే సన్నివేశంలో ఎవరూ మాట్లాడని రెండు సెకన్లు వెతికి వాడుకోండి, ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఆ వెర్షన్ బయటికి వచ్చిన రోజు మళ్లీ చూస్తాం, మొదటి నుంచి చివరిదాకా చూస్తాం.

ఇట్లు
ఎడిటింగ్, సౌండ్, మేకప్ ఎఫెక్ట్స్ పనుల్లో ఉన్న కొందరం